మూడుసార్లు సూది వేయించినా ఆవుకు చూడి నిలవడం లేదు. తప్పు గిత్తదా, నాదా?

గుండ్లకమ్మ ఒడ్డు:

నమస్కారం. మాది ఒంగోలుకు పాతిక కిలోమీటర్లలో ఉంటుంది. ఇంట్లో మూడు ఒంగోలు ఆవులు, ఒక పెయ్య. నాన్న ఉన్న రోజుల్లో ఊళ్లోనే గిత్త ఉండేది. ఆవు ఎదకొస్తే తోలుకెళ్లి దాటించుకుని వచ్చేవాళ్లం. ఆ గిత్త పోయాక మళ్లీ ఎవరూ పెంచలేదు. ఇప్పుడు ఊరంతా సూది మీదే, అంటే గిత్త వీర్యాన్ని గొట్టంతో ఆవుకు ఎక్కించడం మీదే.

పెద్దావు గౌరి సంక్రాంతి ముందు మూడో ఈత ఈనింది. మార్చి నుంచి మూడుసార్లు సూది వేయించాను. మూడుసార్లూ ఇరవై, ఇరవై రెండు రోజులకు మళ్లీ పొర్లింది, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొచ్చింది. రెండో ఆవు ఎదకొస్తోంది కానీ ఎదలో కారే తీగలు తెల్లగా, పాలు కలిపినట్టు ఉంటున్నాయి. దానికీ ఒకసారి వేయించాను, నిలవలేదు. మూడోది చూడితో ఉంది, దాని బాధ లేదు. పెయ్యకు మూడేళ్లు దాటాయి, అసలు ఎదకొస్తోందో లేదో నాకే తెలియడం లేదు.

సూది వేసే కుర్రాడు ఫోన్ చేస్తే వస్తానంటాడు. వచ్చేసరికి ఒక్కోసారి మర్నాడు మధ్యాహ్నం అవుతుంది. అతనికీ చాలా ఊళ్లున్నాయి, తిట్టి లాభం లేదు.

అసలు సంగతికొస్తా. బండలాగుడు పోటీల్లో పేరున్న ఒక గిత్తవి అంటూ ప్రైవేటుగా స్ట్రాలు (వీర్యం నింపిన సన్నని గొట్టాలు) అమ్ముతున్నారు. ఒక్కోటి 1,500 రూపాయలు. వాట్సాప్‌లో ఫొటో పంపారు, ఆ మూపురం చూస్తే కళ్లు తిప్పుకోలేం. గవర్నమెంటు స్ట్రాలో పవర్ ఉండదు, అందుకే మీ ఆవు నిలవడం లేదని వాళ్ల మాట. పక్కింటి మామ జెర్సీ వేయించు, పాలన్నా వస్తాయంటాడు. మా ఇంటావిడ ఇవన్నీ కాదు, పక్కూళ్లో గిత్త ఉందిగా, తోలుకెళ్లమంటోంది. ఎవరి మాట వినాలి?


కంటైనర్ బాబాయ్:

తమ్ముడూ, బండి వెనక స్ట్రాలుండే నైట్రోజన్ కంటైనర్ కట్టుకుని, సూదులు వేస్తూ ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి. రిటైరయ్యాక గ్లౌజు తీసేశాను గానీ ఇలాంటివి చదివితే ఊరుకోలేను. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

ముందు ఆ 'పవర్' మాట పక్కన పెట్టు. స్ట్రా అంటే పావు మిల్లీలీటరు. అందులో దాదాపు రెండు కోట్ల వీర్యకణాలు ఉంటాయి. స్ట్రాలు తయారుచేసే గిత్తల స్టేషన్‌లో గడ్డకట్టించాక మళ్లీ ఒకటి కరిగించి మైక్రోస్కోపు కింద చూస్తారు. సగమన్నా చురుగ్గా కదలకపోతే ఆ బ్యాచ్ బయటికి రాదు. నంద్యాల స్టేషన్ నుంచి స్ట్రా బాగానే బయల్దేరుతుంది. నంద్యాలకూ నీ ఆవుకూ మధ్యలో ఏం జరిగిందో అక్కడ చూడాలి.

నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. ఆ ద్రవంలో మునిగి ఉన్నంతకాలం స్ట్రాకు ఢోకా లేదు. ఎండలో నిలబడి 'ఏ నంబరు, ఏ నంబరు' అని గుత్తి మొత్తం పైకి లేపి వెతుక్కుంటే, నీకు వేసేది సరే, గుత్తిలో మిగిలినవి కూడా దెబ్బతింటాయి. నేను చేసిన తప్పే చెబుతున్నా. కొత్తల్లో ఒక వేసవి, సప్లై రాక కంటైనర్‌లో నైట్రోజన్ అడుగుకు దిగింది. స్కేలు పెట్టి చూడకుండా నాలుగు రోజులు అలాగే వేసుకుంటూ పోయాను. ఆ నాలుగు రోజుల్లో వేసిన ఆవు ఒక్కటీ నిలవలేదు. ఊళ్లోవాళ్లు గిత్తను తిట్టారు. నేను నోరు మెదపలేదు.

కుర్రాడు వచ్చినప్పుడు పక్కన నిలబడు. పనిలో వేలు పెట్టకు, చూస్తే చాలు. స్ట్రా తీయగానే దేంట్లో వేస్తున్నాడు? గోరువెచ్చని నీళ్లు కావాలి, 37 డిగ్రీలు, అర నిమిషం. థర్మామీటర్ లేకపోతే నువ్వే ఫ్లాస్కులో వేడినీళ్లు, చెంబులో చన్నీళ్లు సిద్ధంగా పెట్టి కలిపివ్వు. మోచేతికి తగిలితే వేడీ చల్లనా తెలియకూడదు, సుమారుగా అది సరిపోతుంది. కొంతమంది చొక్కా జేబులో పెట్టుకుని కరిగిస్తారు, అరచేతుల మధ్య రుద్దుతారు, బోరు నీళ్లలో ముంచుతారు. అవేవీ వద్దు. బయటికి తీశాక స్ట్రాను పొడిగా తుడవాలి. నీటి చుక్క లోపలికి పోతే కణాలు చస్తాయి. తర్వాత కొనను వంకర లేకుండా తిన్నగా కత్తిరించాలి. కరిగిన స్ట్రా పది పదిహేను నిమిషాల్లో లోపల పడాలి. కరిగించాక ఆవును వెతుక్కోవడం, కట్టేయడానికి మనుషులను పిలవడం పెట్టుకోకూడదు. ముందు ఆవును కట్టేసి, తర్వాతే కంటైనర్ మూత తీయమను.

ఇంకో మాట. ఆవును కొట్టి, నలుగురు పట్టుకుని, అరిచి గోల చేసి వేయించొద్దు. బెదిరిన ఆవు గర్భసంచి పనిచేసే తీరు వేరు. నేను వెళ్లిన ఇళ్లల్లో ఆడవాళ్లు మెడ నిమురుతూ నిలబడ్డ ఆవులు బాగా నిలిచేవి. దానికి నా దగ్గర లెక్క లేదు, నమ్మకమే.

ఇక టైము. నీ గౌరి గుట్టు ఇక్కడే ఉందని నా అనుమానం. మన ఒంగోలు ఆవు హెచ్‌ఎఫ్ సీమావు లాగా రోజంతా అరిచి ఊరు లేపదు. ఎద పది పన్నెండు గంటల్లో చల్లారిపోతుంది, అందులోనూ చాలాసార్లు రాత్రిపూటే. ఎద చల్లారాక ఇంకో పది పన్నెండు గంటలకు అండం దిగుతుంది, దిగాక కొన్ని గంటలే ఉంటుంది. అందుకే పొద్దున చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున అని మేం చెప్పేది. 'చూశాను' అంటే నువ్వు చూసిన టైము. ఎద మొదలైన టైము కాదు. నువ్వు ఆరింటికి చూసింది రాత్రి పదింటికే మొదలై ఉంటే మర్నాడు మధ్యాహ్నం వేసిన సూది చెరువు ఎండాక వల వేసినట్టే. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లైటు వేసి చూసి రా. కట్టుకొయ్యకు కట్టేసిన ఆవు ఏం చెప్పలేదు పాపం. సాయంత్రం అరగంట దొడ్లో వదులు. మీదెక్కించుకుని కదలకుండా నిలబడిందా, అదే ఎదలో ఉన్నది. ఎక్కేదాన్ని మాత్రం వెంటనే నమ్మకు.

తీగలు గాజులా తేటగా, తోకకు అంటుకుని సాగుతూ ఉండాలి. నీ రెండో ఆవుకు తెల్లగా ఉన్నాయంటే లోపల చీముంది. దానికి ఎవరి స్ట్రా వేసినా దండగే. పశువుల డాక్టరు దగ్గర గర్భసంచికి వైద్యం చేయించు. ఆ ఎద వదిలెయ్, తర్వాత వచ్చిన ఎదలో తేటగా ఉంటేనే వేయించు. ఈ ఆవును మాత్రం పక్కూరి గిత్త దగ్గరికి తోలొద్దు. దీని రోగం దానికి, దాని రోగం ఊరందరి ఆవులకూ అంటుకుంటుంది. ఈసుకుపోయే (చూడి పోయే) రోగాల్లో బ్రూసెల్లా మనుషులకు కూడా వస్తుంది. స్టేషన్‌లో గిత్తలకు వరుసగా పరీక్షలు చేస్తారు, అచ్చోసిన ఆంబోతుకు ఎవరు చేస్తారు?

మీ ఆవిడ మాటలో నిజం లేదని కాదు. గిత్త దగ్గర వదిలితే అదే సరైన టైము చూసుకుని నాలుగైదుసార్లు దాటుతుంది. మనిషికి దొరకని ఆ టైము గిత్తకు దొరుకుతుంది. అంతే కానీ సూదిలో లోపం ఉండి కాదు.

గిత్త సంగతి. ముందు నీకేం కావాలో తేల్చుకో. పోటీలో గెలిచిన గిత్తలో సగం బలం దాని పుట్టుకది, సగం ఆ యజమాని పెట్టిన ఉలవలది, తోలిన చేతులది. ఆ రెండో సగం స్ట్రాలో రాదు. పైగా ఆ స్ట్రా ఏ ల్యాబ్‌లో తయారైంది, కరిగించి చూశారా, రోగపరీక్షలున్నాయా అని అడుగు. స్ట్రా మీద గిత్త నంబరు, జాతి, స్టేషన్ గుర్తు, తయారైన తేదీ అచ్చు వేసి ఉండాలి. అవి లేకుండా ఫొటో చూసి 1,500 పెట్టకు. ఫొటో ఎవరి గిత్తదైనా కావచ్చు.

గవర్నమెంటు స్ట్రా వేయించేటప్పుడు ఆ గిత్త తల్లి ఎన్ని పాలిచ్చిందో అడుగు, స్టేషన్‌లో ఆ లెక్క ఉంటుంది. నీ గౌరికి ఏం తక్కువో ఆలోచించు. పాలు తక్కువైతే పాలున్న తల్లికి పుట్టిన గిత్త. కాళ్లు, గిట్టలు, పొదుగు అమరిక బాగా లేకపోతే అవి బాగున్న వంశం. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. పెయ్యకు వేయించే ముందు దాని తండ్రి నంబరు చూడు. ఒకే గిత్త స్ట్రాలు కొన్నేళ్లపాటు ఒకే మండలంలో తిరగొచ్చు. తండ్రినే కూతురికి వేసినవి నా చేతుల మీదుగానే జరిగాయి, రాసి పెట్టుకోక. చెవి పోగు మీద పన్నెండంకెల నంబరుతో యాప్‌లో ఎక్కిస్తున్నారు గానీ నీ గోడ క్యాలెండర్ మీద నువ్వు కూడా రాసుకో.

జెర్సీ మాట మీ మామకే వదిలెయ్. మొదటి తరానికి పాలొస్తాయి, నిజమే. కానీ మూపురం తగ్గిన కోడెను నీ ఊళ్లో ఎవరూ కొనరు. ఒంగోలు కోడె దూడ విలువ నీకు నేను చెప్పాలా? అదే లెక్కన ఆడదూడలే పుట్టేలా కణాలు వేరు చేసిన స్ట్రా కూడా నీకిప్పుడు వద్దు. దాంతో పదిలో తొమ్మిది పెయ్యలే పుడతాయి. పైగా అందులో కణాలు చాలా తక్కువ, పొర్లే ఆవుకు అసలు సరిపడదు.


గేదెల అమ్మాయి, కరీంనగర్:

బాబాయ్ చెప్పిన రాత్రి పడుకునే ముందు చెకింగ్ గేదెలకైతే ఇంకా ముఖ్యం. మాకు పది ముర్రాలు. ఎండాకాలం మూగ ఎద, అరవవు, తీగ కూడా పడుకున్నప్పుడే కొంచెం జారుతుంది. పొద్దున పేడ తీసేటప్పుడు అవి పడుకున్న చోట నేల చూస్తాను. తడిగా, మెరుస్తూ ఉంటే దాని మీద నిఘా పెడతాను. పాలు ఉన్నట్టుండి అర లీటరు తగ్గినా అనుమానమే. మీ పెయ్యకు ముందు పొట్ట పురుగుల మందు, మినరల్ మిక్చర్ మొదలుపెట్టండి. ఉత్త వరిగడ్డి మీద ఉన్నదైతే మూడేళ్లయినా ఎదకు రాదు. డొక్కలు లెక్కపెట్టగలిగేలా ఉందా?


గుండ్లకమ్మ ఒడ్డు:

బాబాయ్, మీ మాట చదివి పాల లెక్క రాసే క్యాలెండర్ తీశాను. సిగ్గేసింది. మొదటిసారి పొద్దున ఆరింటికి చూశాను, కుర్రాడు ఏదో పని మీద ఊళ్లోనే ఉంటే తొమ్మిదింటికే వేయించేశాను. రెండోసారి పొద్దున చూస్తే మర్నాడు మూడింటికి వచ్చాడు. మూడోసారి కూడా అంతే, ఆ మర్నాడు తోక మీద ఎర్ర తీగ కనిపించింది. రక్తం పడింది కదా, ఇక నిలిచిందనుకున్నాను. మా ఊళ్లో అలాగే అంటారు.

చెల్లీ, పెయ్యకు డొక్కలు కనిపిస్తున్నాయి. ఏప్రిల్ నుంచి జొన్న చొప్ప కూడా లేదు, గడ్డే. ఎద కోసం చూస్తున్నాను గానీ తిండి సంగతి ఆలోచించలేదు.


కంటైనర్ బాబాయ్:

ఒకటి తొందరపడ్డావు, రెండు ఆలస్యమయ్యాయి. గిత్త పాపం ఏం చేస్తుంది?

ఎర్ర తీగ నిలిచిందనడానికి గుర్తు కాదు, నిలవలేదనడానికీ కాదు. ఎద అయిపోయి ఒకటి రెండు రోజులైందని మాత్రమే దాని అర్థం. అప్పుడు సూది వేయించకూడదు. ఆ రోజు నుంచి పద్దెనిమిది రోజులు లెక్కపెట్టి కాపలా కాయి, తర్వాతి ఎద చేజారదు. ఈ ఒక్క ముక్క తెలియక మా మండలంలో ఎన్ని స్ట్రాలు మట్టిపాలయ్యాయో.

ఇప్పుడు మే నెల. ఎండ దెబ్బకు నిలిచింది కూడా మొదటి వారంలోనే కరిగిపోవచ్చు. వేయించాక నీడన కట్టి, రెండు పూటలా నీళ్లు పోసి, నాలుగైదు రోజులు ఎండలో మేతకు తోలకు.


తెనాలి నుంచి టెక్సస్:

ఆలస్యంగా చూశాను. నేను ఇక్కడ మాంసం పశువుల రాంచ్‌లో పని చేస్తున్నాను. చాలావరకు బ్రాహ్మన్ అనే మూపురం జాతి కలిసిన ఆంగస్ ఆవులే. అమెరికా బ్రాహ్మన్‌లో గిర్, కాంక్రేజ్‌తో పాటు మన ఒంగోలు రక్తం కూడా ఉంది. బ్రెజిల్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడి 'నెలోర్' పశువుల జాతికి పెట్టింది మన నెల్లూరు పేరే. 1960లలో వెళ్లిన కరవది అనే గిత్త సంతతి ఈరోజుకీ అక్కడి వంశాల పట్టీల్లో కనిపిస్తుంది. ఒంగోలు దగ్గరి ఊరి పేరే అది.

ఇక్కడ గిత్తను ఫొటో చూసి ఎవరూ తీసుకోరు. దాని బిడ్డలు పుట్టినప్పుడు ఎంత బరువున్నాయి, పాలు మాన్పించేటప్పటికి ఎంత పెరిగాయి, ఈనేటప్పుడు కష్టమైందా అన్నవి లెక్కగట్టి, గిత్త పేరు పక్కన అంకెలుగా వేస్తారు. ఒక్క అంకె వెంటపడితే దెబ్బ తింటాం. నేను చేరిన ఏడాది మా యజమాని పెరుగుదల ఎక్కువున్న గిత్తనే ఎంచుకున్నాడు, తొలిచూలు పెయ్యలకు కూడా అదే వేయించాడు. దూడలు పెద్దవైపోయి ఫిబ్రవరి చలిలో రాత్రిళ్లు గొలుసులు కట్టి లాగాం. ఒక పెయ్య చనిపోయింది. అప్పటి నుంచి పెయ్యలకు వేరే గిత్త, సులువుగా ఈనే అంకె చూసి తీసుకుంటాం. మీ పెయ్యకు కూడా పెద్ద దూడలు పుట్టించే గిత్త వద్దు. పెద్దావు బరువులో 60 శాతమన్నా రానిదే అసలు వేయించొద్దు.

ఎద చూసే మనిషి లేడు కాబట్టి మాకు వందల ఆవులకు ఒకేరోజు వేస్తారు. యోనిలో హార్మోన్ పరికరం ఏడు రోజులు ఉంచి, తీసే రోజు ఒక ఇంజెక్షన్ ఇచ్చి, 60 నుంచి 66 గంటల మధ్య అందరికీ వరసగా సూది. సగం అటూ ఇటూగా నిలుస్తాయి, మిగతావాటికి గిత్తలను వదులుతాం. అంటే ఇంత ఖర్చు పెట్టి చేసినా నూటికి నూరు రాదు. ఒకసారి తప్పిందని గాబరా పడకండి. మీ ఇంటి ఆవులకు ఇది అక్కర్లేదనే నా అభిప్రాయం, తప్పదంటే డాక్టరుతోనే. ఆ ఎద తెప్పించే ఇంజెక్షన్ చూడి ఆవుకు పొరపాటున పడితే ఈసుకుపోతుంది. మీ మూడో ఆవును పక్కన కట్టేయండి.


గుండ్లకమ్మ ఒడ్డు (దసరా సెలవుల్లో):

చాలా రోజులైంది, చెప్పాలనిపించింది.

గౌరి జూన్‌లో ఎదకొచ్చింది. రాత్రి పదిన్నరకు మా ఇంటావిడే లైటు వేసి చూసి లేపింది, తోక మీద తీగ గాజుదారంలా సాగుతోంది. కుర్రాడికి అప్పుడే మెసేజ్ పెట్టాను. పొద్దున ఎనిమిదింటికి వచ్చాడు. ఫ్లాస్కు, చెంబు సిద్ధంగా పెట్టుంటే నవ్వాడు. 'ఎవరు నేర్పారన్నా?' అన్నాడు గానీ థర్మామీటర్ మాత్రం జేబులోంచి తీశాడు, ఉందన్నమాట. గవర్నమెంటు స్ట్రానే, గిత్త నంబరు క్యాలెండర్ మీద రాశాను. మొన్న డాక్టరు చేయి పెట్టి చూసి మూడు నెలల చూడి అన్నారు.

రెండో ఆవుకు రెండు విడతలు వైద్యం అయింది. ఆగస్టులో తీగలు తేటగా వచ్చాయి, వేయించాను, ఇరవై రోజులకు మళ్లీ పొర్లింది. సెప్టెంబరులో ఇంకోసారి వేయించాను. ఇప్పటికి ఇరవై ఆరు రోజులు, పొర్లలేదు. ఇంకా ఎవరికీ చెప్పడం లేదు, మీకే.

పెయ్య డొక్కలు నిండాయి. వానలు పడ్డాక పచ్చగడ్డి, గానుగ చెక్క, మిక్చర్ పెడుతున్నాను. పోయిన వారం మొదటిసారి ఎదకొచ్చి దొడ్లో గంతులేసింది. దాని తండ్రి నంబరు కోసం పాత క్యాలెండర్లు వెతికితే, ఆ ఏడాదిది మా అమ్మ పుస్తకాలకు అట్టలు వేసేసిందట. బాబాయ్, ఆ చెవి పోగు నంబరుతో తండ్రిది దొరుకుతుందా?


కంటైనర్ బాబాయ్:

అప్పట్లో ఎక్కించి ఉంటే దొరుకుతుంది, ఆసుపత్రిలో అడుగు. దొరక్కపోతే ఆ ఏడాది మీ మండలంలో తిరిగిన గిత్త నంబర్లన్నీ రాయించుకుని, అవి కాకుండా వేరేది వేయించు. ఈ ఎద వదిలెయ్, ఇంకో రెండు నెలలు మేపు. తొందరేం లేదు.